పక్కింటి కుర్రాడి ఇంగ్లీషు పేపరు

తెనాలి,
డిసెంబరు 14

బుజ్జీ,

ఇక్కడ చూస్తే చైనావాళ్ళ వీచాట్ 2020లోనే ఆపేశారు, అక్కడ మీ చైనాలో చూస్తే వాట్సాప్ తెరుచుకోదు. మన ఇద్దరికీ మిగిలింది ఈమెయిలే. ఫోన్లో అయితే మీ అమ్మ మధ్యలో దూరి పచ్చళ్ళ సంగతి ఎత్తుతుంది, నా మాట సాగదు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకో.

నువ్వు పంపిన మీ పక్కింటి కుర్రాడి ఇంగ్లీషు పేపరు ఫొటోలు అన్నీ చూశాను. ఫోన్లో నా కళ్ళకి ఆనడం లేదని పక్కవీధి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి మరీ చూశాను. ముందు కంటబడింది ఇంగ్లీషు కాదు. ప్రతి ఇంగ్లీషు మాట నెత్తినా పెన్సిల్‌తో చీమల్లాంటి చైనీస్ అక్షరాలు. నవ్వొచ్చింది. ముప్పై మూడేళ్ళు నేను దిద్దిన పుస్తకాల్లోనూ ఇవే చీమలు. కాకపోతే అవి తెలుగు చీమలు.

"మాటలన్నీ వచ్చు నాన్నా, అయినా మార్కులు రావడం లేదు, వాళ్ళమ్మ టెన్షన్ చూడలేకపోతున్నాను" అని రాశావు. వాడికి మాటలు వచ్చన్నది నేను కళ్ళారా చూశాను. పోయిన అక్టోబరులో మీ ఊరు సుజోకి వచ్చినప్పుడు నన్ను "యేయే", అంటే తాతా, అని పిలుస్తూ వాడి మాటల పుస్తకం తెచ్చి చూపించాడు కదా. అట్ట మీద 3500 అని పెద్ద అంకె. వాళ్ళ సిలబస్ అడిగేది 3000 దాకానేనట, కానీ పుస్తకాలమ్మేవాళ్ళు ఎక్కడైనా నాలుగు ఎక్కువే వేస్తారు. మధ్యలో ఎక్కడ తెరిచి అడిగినా టకటకా చెప్పాడు. "రిలక్టెంట్" అడిగితే స్పెల్లింగుతో సహా అప్పజెప్పాడు. రాత్రి పదింటికి స్కూలు నుంచి వచ్చిన పిల్లాడు, నిద్రకళ్ళతో. నాకు జాలేసింది.

సరే, ఎర్రపెన్ను తీసి లెక్క కట్టాను. ఇంగ్లీషు పేపరు 150కి. అందులో చదివి అర్థం చేసుకునేదానికే 50. నాలుగు ప్యాసేజీలకు 15 ప్రశ్నలు, ఒక్కోటి రెండున్నర. ఆ తర్వాత ఐదు ఖాళీలు పెట్టిన ఇంకో ప్యాసేజీ, దాని కింద ఏడు వాక్యాలు. ఐదు సరిపోతాయి, రెండు దొంగవి. అవీ రెండున్నర చొప్పునే. మీ వాడికి మొదటి ప్యాసేజీలో, అదే మ్యూజియం వేళలూ టికెట్లూ ఉన్నదాంట్లో, మూడుకి మూడూ సరి. రెండోదాంట్లో రెండు పోయాయి, మూడోదాంట్లో ఒకటి, నాలుగోదాంట్లో మూడు, ఖాళీల్లో మూడు. వెరసి 50కి 27న్నర. వాళ్ళమ్మ టెన్షన్ పడటంలో తప్పేం లేదు. గావ్‌కావ్‌లో, అదే వాళ్ళ 750 మార్కుల కాలేజీ ప్రవేశ పరీక్షలో, ఇంగ్లీషుకి లెక్కలతో సమానంగా 150 ఉంటే, 2024లో ఆ పరీక్షకు కోటీ 34 లక్షల మంది పేరిచ్చారంటే, ఒక్క రెండున్నర ఎంతమందిని ముందుకీ వెనక్కీ నెడుతుందో ఆవిడకి తెలుసు. మన ఎంసెట్ ర్యాంకుల రోజుల్లో మీ అమ్మ ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకో.

ఇప్పుడు ఆ రెండో ప్యాసేజీ తీయి. గడియారాల ముసలాయన కథ. అందులో ఒక వాక్యం ఉంది చూడు: "ది ఓల్డ్ మ్యాన్ హూ హ్యాడ్ రిపేర్డ్ ద క్లాక్స్ ఇన్ ద టవర్ ఫర్ ఫార్టీ ఇయర్స్ రిఫ్యూజ్డ్ ద మనీ ద టౌన్ ఆఫర్డ్ హిమ్." నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన ముసలాయన, ఊరివాళ్ళు ఇస్తానన్న డబ్బు వద్దన్నాడు. అంతే సంగతి. మీ వాడు గుర్తు పెట్టిన జవాబేమో "ఊరివాళ్ళు ఆయనకి డబ్బివ్వడానికి ఒప్పుకోలేదు" అని. కథ మొత్తం తలకిందులైంది. ఆ ఒక్క వాక్యం దగ్గర జారాడు, దాని వెనకాల ఇంకో ప్రశ్న కూడా పోయింది.

వాక్యంలో వాడికి తెలియని మాట ఒక్కటైనా ఉందా? లేదు. చీమలన్నీ బారులు తీరే ఉన్నాయి. రిపేర్డ్ రాగానే పని చెప్పే మాట దొరికిందనుకుని సర్దుకున్నాడు. నాలుగడుగులు వేశాక రిఫ్యూజ్డ్ ఎదురొచ్చింది. ఇదెవరిదో తెలియలేదు. దాని పక్కన మనీ, ఆ పక్కనే టౌన్. మూడింటినీ కలిపి తనకి తోచిన కథ అల్లుకున్నాడు. ఇరవై ఏళ్ళ కింద మా కాలేజీలో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు అచ్చం ఇలాగే అల్లేవాళ్ళు.

ఎందుకలా అవుతుందో నాకు మీ బాల్కనీలోనే తెలిసింది. నీకు గుర్తుందో లేదో. కింద గుయ్‌హువా చెట్లు పూసి వీధంతా వాసన కొడుతోంది, నువ్వు నాకు చైనీస్ నేర్పుతానని కూర్చోబెట్టావు. "వో జ్వోథ్యెన్ మాయ్ ద షూ" అన్నావు. ఒక్కో మాటకీ అర్థం చెప్పమన్నాను. వో నేను, జ్వోథ్యెన్ నిన్న, మాయ్ ద కొన్న, షూ పుస్తకం. నేను నిన్న కొన్న పుస్తకం! మాట పక్కన మాట, వరస కూడా మారలేదు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. పుస్తకం గురించి చెప్పాల్సిందంతా మనమూ వాళ్ళూ పుస్తకానికి ముందే చెప్పేస్తాం. పుస్తకం అన్నాక ఇక మిగిలిందేం ఉండదు. ఇంగ్లీషువాడు ముందు పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, తర్వాత తోక విప్పుతాడు: ద బుక్ ఐ బాట్ ఎస్టర్‌డే. ఆ తోక ఎక్కడ తెగుతుందో తెలియకే అక్కడ నీ కుర్రాడు, ఇక్కడ నా పిల్లలు తికమక పడేది.

ఒక్క విషయంలో వాడు మన పిల్లల కన్నా అదృష్టవంతుడు. మామూలు వాక్యంలో చైనీస్ క్రియ ఇంగ్లీషులాగే మధ్యలో ఉంటుంది, మనకేమో చివర్లో. కాబట్టి వాడికి వాక్యమంతా తిరగేసే పని లేదు. తోకల దగ్గర మాత్రం తిరగాలి. అది నేర్పగలిగేదే. ఆర్నెల్లు చాలు.

నువ్వు చేయాల్సింది చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం వాడు మీ ఇంటికి వచ్చినప్పుడు ముందు ఆ పెన్సిల్ లాక్కో. ప్యాసేజీకి మూడు మాటల మీద మాత్రమే చైనీస్ రాసుకోనివ్వు, నాలుగోది రాస్తే ఊరుకోకు. ఒక పొడుగు వాక్యం తీసుకుని రెండే ప్రశ్నలు అడుగు: ఎవరు? ఏం చేశారు? ముసలాయన, వద్దన్నాడు. మిగతాదంతా బ్రాకెట్లో పెట్టమను. హూ దగ్గర మొదలైన బ్రాకెట్ ఫార్టీ ఇయర్స్ దగ్గర మూతపడాలి. ఇంకోటి. "ద మనీ ద టౌన్" లాగా రెండు నామవాచకాలు మధ్యలో ఏమీ లేకుండా భుజం భుజం రాసుకుని నిలబడితే అక్కడ ఒక దట్ దాక్కుందని అర్థం. ఈ దాక్కున్న దట్ మా క్లాసులో ఎంతమందిని ముంచిందో లెక్కలేదు.

తర్వాత నువ్వు పైకి చదువు, వాడిని వినమను. నువ్వు ఊపిరి తీసుకున్న చోటల్లా ఒక గీత పెట్టమను. చైనీస్ రాతలో మాటకీ మాటకీ మధ్య ఖాళీయే ఉండదని నువ్వే చెప్పావు. అలాంటప్పుడు అక్షరాల బారులోంచి ఏది ఎక్కడ విడిపోతుందో పట్టుకోవడం వాడికి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే కదా. అంత పనిమంతుడు, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఇడ్లీ మెతుకు మెతుకుగా తిన్నట్టు చదువుతున్నాడు. ఈ మాట వాడికి చెప్పి చూడు, నవ్వుతాడు. నవ్వితే సగం పని అయినట్టే.

ఆప్షన్ల జబ్బు వేరే. నాలుగో ప్యాసేజీలో పోయిన మూడూ ఒకే రకం. ప్యాసేజీలో ఉన్న మాటే ఆప్షన్లో కనపడేసరికి పెళ్ళిలో తెలిసిన మొహం దొరికినంత సంబరపడి దాని పక్కనే కూర్చున్నాడు. పేపరు తయారుచేసేవాడికి ఆ సంగతి తెలియదా? సరైన జవాబుని వేరే మాటల్లో చెప్పి, తప్పు జవాబుకి ప్యాసేజీ మాటలు తొడుగుతాడు. నువ్వు ఆప్షన్ల మీద ఒక కాగితం కప్పెయ్యి. ప్రశ్న చదివి జవాబు సొంతంగా చెప్పమను, చైనీస్‌లో చెప్పినా పర్వాలేదు. చెప్పాకే కాగితం తీయి. స్కూల్లో వాళ్ళ టీచరు ముందు ప్రశ్నలు చూసి తర్వాత ప్యాసేజీకి వెళ్ళమంటారని రాశావు. టైముకి అదీ మంచిదే, ఆవిడ మాటకి అడ్డు చెప్పకు. పరీక్షలో ఆవిడ పద్ధతి, ఆదివారం మన పద్ధతి.

ఇక ఆ ఏడింట్లో ఐదు ఏరే ప్రశ్న. బుజ్జీ, అది చూసి నాకు అసూయ పుట్టింది. నా సర్వీసులో అంత తెలివైన ప్రశ్న నేనెప్పుడూ తయారుచేయలేదు. వాడి పేపర్లో కుండీల్లో మొక్కల ప్యాసేజీ ఉంది కదా. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఒకేసారి పది మొక్కలు కొనేస్తారు అని ఉంది. తర్వాత ఖాళీ. ఖాళీ తర్వాత "దే డై వితిన్ ఎ వీక్". మీ వాడు అక్కడ పెట్టింది "సన్‌లైట్ ఈజ్ ఇంపార్టెంట్ ఫర్ ఎవ్రీ ప్లాంట్". మాట నిజమే, ఎవరు కాదంటారు? కానీ తర్వాత వచ్చిన దే ఎవర్ని చూపిస్తున్నట్టు? వారంలో చచ్చేది ఎవరు? పెట్టాల్సింది "బట్ మోస్ట్ ఆఫ్ దీజ్ ప్లాంట్స్ గెట్ టూ మచ్ వాటర్". అందులో దీజ్ అన్నది వెనక్కి తిరిగి పది మొక్కల చెయ్యి పట్టుకుంది, ముందున్న దే దాని చెయ్యి పట్టుకుంది. ఈ చిటికెడు మాటలే, దిస్, దే, బట్, అనదర్, ఇవే ప్యాసేజీని కుట్టే దారం. 3500 మాటల పుస్తకంలో ఇవీ ఉంటాయి కానీ ఎవరూ వీటిని బట్టీ పెట్టరు, ఎప్పుడో వచ్చేశాయనుకుంటారు. ఒక ఆదివారం మొత్తం వీటి చుట్టూ సున్నాలు చుట్టించు, ప్రతి సున్నా నుంచి అది ఎవరిని చూపిస్తోందో అక్కడికి బాణం గీయించు. పేపరు ముగ్గులా తయారవుతుంది. కానీయ్.

కథ మొదలు ఇచ్చి మిగతాది రాయమనే ప్రశ్న కూడా చూశాను, 25 మార్కులది. అదీ సగం చదువే. ముసలాయన డబ్బు వద్దన్నాడో, ఊరే ఇవ్వనందో తేల్చుకోని పిల్లాడు దాన్ని ఎటు సాగదీస్తాడు? దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇదంతా ఇంత ఇదిగా ఎందుకు రాస్తున్నానంటే, నా దగ్గర ఒక తప్పుంది. క్లాసుకి ఎనభై మంది. ప్యాసేజీ రాగానే నేను చెప్పింది ఒకటే: ప్రశ్నలో పెద్ద మాట చూసుకో, అదే మాట ప్యాసేజీలో వెతుకు, ఆ వాక్యం ఎత్తి రాసేయ్. పాసయ్యేవాళ్ళు. నాకు మంచి పేరు, కాలేజీకి మంచి పర్సెంటేజీ. రెండేళ్ళ కింద ఆ పాత పిల్లల్లో ఒకడు ఇంటికొచ్చాడు, ఇప్పుడు టైర్ల షాపు నడుపుతున్నాడు. చేతిలో ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం. "సార్, క్లెయిము ఇస్తామన్నారు కదా, ఇంకా రాలేదేంటి" అన్నాడు. చదివాను. మధ్యలో అన్‌లెస్ ఉంది. ఫలానా కాగితం ముప్పై రోజుల్లో పంపితే తప్ప ఇవ్వమని. గడువు దాటి వారమైంది. వాడు నా క్లాసులో ఇంగ్లీషులో ఎనభై పైన తెచ్చుకున్నవాడు. వాడు నన్నేమీ అనలేదు, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఈ మాట మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఇంకొక్కటి. మాటకి అర్థం తెలిసినా సంగతి తెలియని చోట్లు ఉంటాయి. నా క్లాసులో ఒకసారి గరాజ్ సేల్ వస్తే, ఎవరో అమెరికావాడు కారు షెడ్డు అమ్మేస్తున్నాడని క్లాసు మొత్తం నిర్ణయించింది. మీ వాడికీ అలాంటివి తగులుతాయి. వాటికి డిక్షనరీ పనికిరాదు, కబుర్లు కావాలి. వారానికొకటి ప్రశ్నల్లేని కథ ఏదైనా ఇవ్వు. వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి కదా, దాని మీదే ఇవ్వు. టైము పెట్టకు, జవాబులు అడగకు. వాళ్ళమ్మ చూసి టైము దండగ అనొచ్చు. ఆ వైపు నువ్వే సర్దుకో, ఆవిడకి నీ పులిహోర ఇష్టమన్నావుగా.

గడియారంతో పని ఫిబ్రవరిలో పెట్టుకోండి. 120 నిమిషాల్లో వినడం, రాయడం పోగా ఒక్కో ప్యాసేజీకి ఏడెనిమిది నిమిషాల కన్నా రావు. ఇప్పుడే పరుగెత్తిస్తే మళ్ళీ చీమల్లోకే వెళ్ళిపోతాడు.

అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు. అమ్మ గోంగూర పచ్చడి పార్సెల్ చేయడానికి రెండు కొరియర్ షాపుల వాళ్ళతో గొడవ పడింది, మూడోవాడు దొరుకుతాడేమో చూస్తోంది.

వచ్చే ఆదివారం ఆ ముసలాయన వాక్యం మళ్ళీ వాడి ముందు పెట్టి, ఆ రిఫ్యూజ్డ్ ఎవరు చేసిన పని అని అడుగు. పెన్సిల్ లేకుండా. ఏమన్నాడో ఆ రాత్రే రాయి, నేను మేలుకునే ఉంటాను.

మీ నాన్న