రెండో శనివారం మారాలంటే ఐఏ వేయండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడగానే ఫ్యామిలీ కోర్టుల్లో విడిపోయిన దంపతుల మధ్య ఏటా ఒకే తగాదా. 'రెండో, నాలుగో శనివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తండ్రి బిడ్డను చూడవచ్చు' అని ఉత్తర్వులో ఉంటుంది. తల్లి బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్దామనుకుంటుంది. తండ్రి పదిహేను రోజులు తన దగ్గర ఉంచుకుందామనుకుంటాడు. ఫోన్లో 'సరే' అనుకుంటారు. తర్వాత మాట తేడా వస్తే, బిడ్డను చూపించలేదని ఒకరు ధిక్కార పిటిషన్ వేస్తారు, వాట్సాప్‌లో ఒప్పుకున్నారు కదా అని రెండోవారు వాదిస్తారు. వాట్సాప్ మాటతో కోర్టు ఉత్తర్వు మారదు.

నిజానికి ఉత్తర్వును తాత్కాలికంగా మార్పించుకోవడానికి దారి ఉంది. పిల్లల కస్టడీ ఉత్తర్వులను పరిస్థితిని బట్టి మార్చవచ్చని సుప్రీంకోర్టు 1973లో రోజీ జాకబ్ కేసులోనే చెప్పింది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ప్రకారం విడాకుల డిక్రీ (తుది తీర్పు) తర్వాత కూడా ఆ అధికారం కోర్టుకు ఉంటుంది. కేసు నడుస్తుంటే అందులోనే ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయాలి. డిక్రీ అయిపోతే ఆ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. గార్డియన్ ఓపీ (బిడ్డ సంరక్షణ కోసం వేసిన పిటిషన్) పెండింగులో ఉంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు.

చిక్కంతా అడిగే తీరులోనే వస్తోంది. 'తగిన విధంగా మార్చ ప్రార్థన' అని రాస్తే జడ్జి ఏమని ఉత్తర్వు ఇస్తారు? ఇలా రాయాలి: 'మే 5 ఉదయం 10 నుంచి మే 19 సాయంత్రం 5 వరకు బాబు తండ్రి దగ్గర ఉంటాడు. రోజూ రాత్రి 7 నుంచి 7.20 వరకు తల్లితో వీడియో కాల్. తీసుకెళ్లేది, తిరిగి అప్పగించేది అమ్మమ్మ ఇంటి దగ్గర. మే 20 నుంచి పాత ఉత్తర్వే అమలు.' చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే జూన్‌లో 'బాబు ఇక్కడే అలవాటుపడ్డాడు' అనే వాదన మొదలవుతుంది, పదిహేను రోజుల ఏర్పాటు ఏడాది వివాదమవుతుంది. వీడియో కాల్ అడగడానికి సంకోచం వద్దు. దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఆ హక్కు ఉండాలని యశితా సాహు కేసులో 2020లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రెండు శనివారాలు పోతుంటే బదులుగా ఏ రెండు ఆదివారాలు ఇస్తారో మీరే ముందుగా రాయండి. అప్పుడు ఎదుటివారి కౌంటర్‌లో (జవాబు పత్రంలో) పస ఉండదు.

కాగితాలూ అంతే ముఖ్యం. బిడ్డకు ఆటలమ్మ పోసిందనుకోండి. డాక్టరు సర్టిఫికెట్‌లో 'అస్వస్థత' అని ఒక్క ముక్క ఉంటే ఎదుటివారు సాకు అనుకుంటారు. పొక్కులు చెక్కుకట్టేదాకా ఫలానా తేదీ వరకు ఇంట్లోనే ఉంచాలి, ప్రయాణం కూడదు అని రాయించుకోవాలి. పరీక్షలైతే బడి ఇచ్చిన టైంటేబుల్ జతచేయాలి. అమెరికా నుంచి మూడు వారాలకు వచ్చే తండ్రి రానూపోనూ టికెట్లు జతచేసి, అఫిడవిట్‌ను అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి ముందే పంపాలి. విమానం దిగాక వకీలును వెతుక్కుంటే నోటీసు అందేలోపే సెలవు అయిపోతుంది.

నోటీసు, కౌంటర్, వాదనలకు కనీసం నెల పడుతుందనుకోండి. మేలో సివిల్ కోర్టులకు సెలవులు, వెకేషన్ కోర్టు అత్యవసరమైనవే వింటుంది. కాబట్టి వేసవి ఐఏ మార్చిలోనే పడాలి. ఇద్దరికీ సమ్మతమైతే ఇద్దరి సంతకాలతో జాయింట్ మెమో ఇవ్వండి, వాయిదా రోజునే రికార్డు చేయించుకోవచ్చు. ఉత్తర్వు నకలు మాత్రం తప్పకుండా తీసుకోండి. ఇంకో మాట. మనోవర్తి రాలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని మనోవర్తి ఆపడం రెండూ తప్పే. దేనికి దానికి వేరే పిటిషన్ ఉంది. ఆ కోపాల మధ్య శనివారం పొద్దున చెప్పులేసుకుని గుమ్మంలో ఎదురుచూసేది బిడ్డ.

జడ్జిలకు, తోటి న్యాయవాదులకు మా విన్నపం ఒక్కటే. మొదటి ఉత్తర్వులోనే రెండో శనివారంతో సరిపెట్టకుండా దసరా ఎవరి దగ్గర, సంక్రాంతి ఎవరి దగ్గర, వేసవి సెలవుల్లో ఏ సగం ఎవరికి అన్నది కూడా రాయించండి.

– ఫ్యామిలీ కోర్టు న్యాయవాదులు, గుంటూరు