గాలిమరల పోటీలో వాట్లు కొలవండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల సాంకేతిక ఉత్సవాలలో విద్యార్థులు సొంతంగా తయారుచేసిన చిన్న గాలిమరల పోటీ ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. అటువంటి కొన్ని పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లిన విశ్రాంత ఎలక్ట్రికల్ అధ్యాపకుడిగా, నిర్వాహకులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయదలిచాను. బహుమతిని మోడల్ అందాన్ని బట్టి కాక, ఆరుబయట గాలిలో, లోడు (కరెంటును వాడుకునే రెసిస్టరు వంటిది) మీద కొలిచిన వాట్లను బట్టి ఇవ్వండి.

ఇప్పుడు చాలాచోట్ల జరిగేది వేరు. సెమినార్ హాలులో బల్ల మీద గాలిమరను నిలిపి, ఎదురుగా పెడెస్టల్ ఫ్యాన్ పెడతారు. ఎల్ఈడీ వెలగగానే చప్పట్లు కొడతారు. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి రెండు వోల్టులు, కొన్ని మిల్లీ ఆంపియర్లు చాలు కనుక, అది వెలిగినంత మాత్రాన రెక్కల రూపకల్పన గురించి ఏమీ తేలదు. పైగా ఫ్యాన్ గాలి సుడి తిరుగుతూ వస్తుంది, దాని నడిమధ్యన గాలి వేగం బాగా తగ్గుతుంది. పక్కనే ఉన్న చార్టు మీద ‘100 వాట్లు’ అని రాసి ఉండటమూ చూశాను. అర మీటరు వ్యాసం ఉన్న గాలిమర గుండా, సెకనుకు 4 మీటర్ల గాలిలో, పోయే మొత్తం శక్తే సుమారు ఏడున్నర వాట్లు. అందులోనూ 59.3 శాతానికి మించి ఏ గాలిమరా రాబట్టలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్క కట్టాడు. ఇంట్లో చేసిన దానికి పాతిక శాతం దక్కితే గొప్పే.

అందువల్ల ప్రతి జట్టుకూ ఒకే వ్యాసం, ఉదాహరణకు ఒక మీటరు, నిర్ణయించి, అందరి గాలిమరలనూ ఒకేసారి మేడ మీద, ఒకదాని గాలికి మరొకటి అడ్డు రాకుండా వరుసగా నిలబెట్టించాలి. నేను ‘ఒకేసారి’ అనడానికి కారణం ఉంది. గాలిలోని శక్తి దాని వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల నుంచి 6 మీటర్లకు వేగం పెరిగితే చాలు, శక్తి 70 శాతానికి పైగా పెరుగుతుంది. ఒకరి తరువాత ఒకరిని పిలిచి కొలిస్తే, మంచి గాలి వీచిన నిమిషంలో వంతు వచ్చినవారే గెలుస్తారు. లోడుగా తగిలించే రెసిస్టరు ఎంపిక మాత్రం జట్టుకే వదిలేయడం మేలు. మరీ తక్కువ ఓమ్‌ల రెసిస్టరు తగిలిస్తే రెక్కలు మొరాయిస్తాయి, మరీ ఎక్కువైతే కరెంటు రాదు. ఆ మధ్య విలువను పట్టుకోవడంలోనే సగం ఇంజినీరింగ్ ఉంది. పిల్లలకు ఇది అర్థం కావడానికి చిన్న ప్రయోగం చాలు. శాశ్వత అయస్కాంతాలున్న డీసీ మోటారు ఇరుసును వేళ్లతో తిప్పి చూసి, తరువాత దాని రెండు తీగలనూ ఒకదానికొకటి కలిపి మళ్లీ తిప్పమనండి. ఇరుసు ఒక్కసారిగా బరువెక్కుతుంది. లోడు అంటే ఏమిటో అప్పుడు వేళ్లకే తెలుస్తుంది.

జనరేటరుగా వాడే మోటారు విషయంలోనూ జట్లకు ముందే కాస్త సలహా ఇవ్వడం అవసరం. మీటరు వ్యాసం ఉన్న మూడు రెక్కల గాలిమర, సెకనుకు 6 మీటర్ల గాలిలో, నిమిషానికి ఏ 500 చుట్లో తిరుగుతుంది. బజారులో దొరికే బొమ్మల మోటారు వేల చుట్లు తిరిగితే గాని పనికొచ్చే వోల్టేజీ ఇవ్వదు. పాత సీలింగ్ ఫ్యాన్ మోటారులోనైతే అయస్కాంతాలే ఉండవు, దాన్ని ఊరికే తిప్పితే కరెంటు పుట్టదు. కానీ ఇప్పుడు ఇళ్లలోకి వచ్చిన బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లలో అయస్కాంతాలుంటాయి. మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు కాలిపోయిందని ఫ్యాన్ మొత్తాన్నీ పాత సామాన్ల వాడికి వేసేస్తున్నారు. నిమిషానికి 350 చుట్ల దరిదాపుల్లో తిరిగేలా చేసిన ఆ మోటారుకు, ఏసీని డీసీగా మార్చే ఆరు డయోడ్లు జోడిస్తే చక్కని జనరేటరు అవుతుంది. దాని రెక్కలను మాత్రం వాడకూడదు. అవి గాలిని నెట్టడానికి వంచినవి. ఆరంగుళాల పీవీసీ పైపును నిలువుగా చీల్చి, మొదట్లో వెడల్పుగా, చివరకు సన్నగా కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసుకుంటే వాటికన్నా మెరుగైన రెక్కలు వస్తాయి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. అటువంటి రెక్క కొస గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటవచ్చు కనుక, చుట్టూ వల కట్టనిదే పోటీకి అనుమతించరాదు.

ఇక సమయం. ఈ పోటీలు ఎక్కువగా ఫిబ్రవరిలో, జాతీయ సైన్స్ దినోత్సవం దగ్గర పెడుతున్నారు. మా సీమలో ఆ రోజుల్లో గాలి ఉండదు. ఫ్యాన్ తెచ్చిపెట్టుకోవలసి రావడానికి అదీ ఒక కారణమే. గాలి అంటే మాకు ఆషాఢ, శ్రావణాలే. రామగిరి కొండల మీద మూడు దశాబ్దాల కిందటే గాలిమరలు నిలబెట్టింది ఆ నైరుతి గాలిని నమ్ముకునే. సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం ఎలాగూ జరుపుతున్నారు కదా, కొలతలన్నీ జూలై, ఆగస్టు నెలల్లో ముగించి బహుమతులు ఆ రోజున ఇవ్వవచ్చు. వేసవి సెలవుల్లో రెక్కలు కోసుకోవడానికి జట్లకు తీరిక దొరుకుతుంది, అందుకు నిబంధనలు ఏప్రిల్‌లోనే ప్రకటిస్తే బాగుంటుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
అనంతపురం.