వెరీ హార్డ్‌లీ సార్!

నెల్లూరు,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ బ్రౌను దొరా,

నువ్వు సంక్రాంతికి రాసిన ఉత్తరానికి ఆషాఢంలో జవాబు రాస్తున్నాను. తిట్టుకో. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. ఫోన్లో అయితే సగంలోనే నవ్వడం మొదలుపెడతావు, మిగతా సగం నవ్వే విషయం కాదు. అందుకే కాగితం.

ఇంటి కబుర్లు ఒక్క ముక్కలో: అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నది ఏడో తరగతికి వచ్చింది, మేడ మీద గదికి శ్లాబు పడింది, డబ్బులు అయిపోయాయి. అంతే.

మా గోడౌన్‌లో స్టోరు బాబాయి గుర్తున్నాడా? నువ్వొచ్చినప్పుడు క్యారియర్‌లో చేపల పులుసు తెచ్చి, నువ్వు తినే తీరు చూసి "ఈ అబ్బాయికి ముల్లు తీయడం కూడా నేర్పలేదా కడపలో" అన్నాడే, ఆయనే. ఆయన్ని నేను దాదాపు ఉద్యోగంలోంచి తీయించేశాను. కోపంతో కాదు, పగతో కాదు. క్రియావిశేషణాలతో.

మొదటినుంచీ చెబుతాను. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక పైపుల లోడు వచ్చింది. వాన, కరెంటు లేదు. చలానాలో 60 కట్టలని ఉంది. లోడు దింపించిన సూపర్‌వైజరు "లెక్క సరిపోయింది, సంతకం పెట్టు" అన్నాడు. బాబాయి పెట్టాడు. మనసు ఒప్పక తెల్లారి ఆరింటికే వచ్చి, ఒక్కడే కట్ట కట్టా పక్కకి జరుపుతూ లెక్కపెడితే 52 తేలాయి. ఎనిమిది తక్కువ. వెంటనే ఆఫీసుకొచ్చి చెప్పిందీ ఆయనే. చెప్పకపోతే ఆడిట్ దాకా ఎవరికీ తెలిసేది కాదు.

పుణేలో ఉన్న మా హెడ్డాఫీసు వాళ్లు అందరి స్టేట్‌మెంట్లూ ఇంగ్లీషులో పంపమన్నారు. బాబాయికి తెలుగే. ఇంగ్లీషు వచ్చిన మొనగాడు ఎవరు? నేనే. మన హాస్టల్ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు కదా.

ఆయన మూడే వాక్యాలు చెప్పాడు. "ఆ రాత్రి లారీ ఆలస్యంగా వచ్చింది. నేను చలానా మీద సంతకం మాత్రమే పెట్టాను. తెల్లారి కష్టపడి కట్టలన్నీ లెక్కపెట్టాను." నేను రాసింది ఇది, జాగ్రత్తగా చదువు:

"ద లారీ కేమ్ లేట్‌లీ. ఓన్లీ ఐ సైన్డ్ ద చలాన్. ఇన్ ద మార్నింగ్ ఐ హార్డ్‌లీ కౌంటెడ్ ద బండిల్స్."

నవ్వేసి రా, ఆగుతాను.

"నువ్వు రాశావంటే చాలు నాయనా" అని బాబాయి కింద తెలుగులో సంతకం పెట్టాడు. గుండ్రంగా, పొందిగ్గా. ఆ సంతకం తలచుకుంటేనే నాకు...

సరే. నాలుగు రోజులకి పుణే నుంచి ఫోన్. ఎవరో పెద్దాఫీసరు. ఆయన గొంతులో ఏదో నమ్మలేనట్టు ఉంది. "నిజంగానే హార్డ్‌లీ కౌంటెడ్ అంటున్నాడా?" అని అడిగాడు. బాబాయి కష్టాన్ని ఆయన మెచ్చుకుంటున్నాడనుకున్నాను నేను. లేచి నిలబడి మరీ చెప్పాను: "ఎస్ సార్! వెరీ హార్డ్‌లీ సార్! హి ఈజ్ లైక్ దట్ ఓన్లీ సార్!"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "థాంక్యూ" అని పెట్టేశాడు. ఆ రోజు నేను క్యాంటీన్లో అందరికీ చెప్పాను, బాబాయి పని అయిపోయినట్టే, మంచి పేరొస్తుందని.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. లెక్కపెట్టలేదని నువ్వే ఒప్పుకున్నావు, ఒక్కడివే సంతకం పెట్టావు, తగ్గిన కట్టల ఖరీదు నీ జీతంలో ఎందుకు కోయకూడదో రాతపూర్వకంగా చెప్పు, అని. దొరా, ఆ మెమో చదివి నేను ఎగిరిన ఎగురు నువ్వు చూడాలి! పుణే వాళ్లకి మనిషి విలువ తెలియదన్నాను. యూనియన్ పెడదామన్నాను. రాసినదాంట్లో తప్పుందేమో అన్న ఊహ కూడా రాలేదు. స్టేట్‌మెంట్ కాపీ నా బ్యాగులోనే ఉంది, తీసి చూడలేదు.

బయటపెట్టింది మా చిన్నది. ఆ రాత్రి హోంవర్క్ చేసుకుంటోంది, ఖాళీలు పూరించమని. "హి వర్క్స్" అని రాసి, పక్కన ఖాళీ, బ్రాకెట్లో హార్డ్, హార్డ్‌లీ. అది హార్డ్ అని రాసింది. నేను పెన్సిల్ లాక్కుని హార్డ్‌లీ అని దిద్దాను. క్రియావిశేషణానికి చివర లీ ఉండాలమ్మా అని పాఠం కూడా చెప్పాను. అది నన్ను జాలిగా చూసి, "హార్డ్‌లీ అంటే ఇంచుమించు చేయనట్టే నాన్నా. పని చేయడని అర్థం" అంది.

అప్పుడు తీశాను బ్యాగులోంచి కాపీ. ఈసారి పుణే ఆఫీసరు కళ్లతో చదివాను. "లారీ ఈమధ్యనే వచ్చింది. చలానా మీద సంతకం పెట్టింది నేనొక్కడినే. పొద్దున కట్టలు లెక్కపెట్టానంటే పెట్టాను, లేదంటే లేదు." కింద గుండ్రంగా బాబాయి సంతకం. పైగా ఫోన్లో నేను ఇచ్చిన సాక్ష్యం, వెరీ అని గట్టిగా.

నిద్ర పడితే ఒట్టు.

హాస్టల్లో ఫాస్ట్‌లీ అన్నవాడు నీకు ఒక టీ ఇప్పించాలని రూలు పెట్టావు కదా. గోడ మీద బొగ్గుతో లెక్క కూడా రాశావు. నా పేరు కింద 43 టీలు. బ్రౌన్ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని నువ్వు ఎన్నిసార్లు చెప్పావురా, గా కనబడగానే లీ తగిలించొద్దని! నేనేమో ఆ బ్రౌను దొర తెల్లవాడై ఉండి 1840లోనే తెలుగు వ్యాకరణం రాశాడు, ఈ బ్రౌను దొర తెలుగువాడై ఉండి మనల్ని ఇంగ్లీషుతో చంపుతున్నాడని పేరు పెట్టాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మెల్లగా స్లోలీ అయింది, జాగ్రత్తగా కేర్‌ఫుల్లీ అయింది, కాబట్టి వేగంగా ఫాస్ట్‌లీ, కష్టపడి హార్డ్‌లీ, ఆలస్యంగా లేట్‌లీ. నా బుర్రలో అచ్చు అలాగే దిగింది, దోసెలు పోసినట్టు.

మర్నాడు లైబ్రరీకి పోయి లావుపాటి నిఘంటువు ముందేసుకున్నాను. ఇంగ్లీషు బాగా పాతకాలంలో విశేషణం చివర ఒక 'ఎ' చేరిస్తే క్రియావిశేషణం అయ్యేదట. పోనుపోను ఆ 'ఎ' పలకడం మానేశారు. దాంతో హార్డ్, ఫాస్ట్ లాంటివి రెండు పనులకీ ఒకే రూపంతో మిగిలాయి. లీ వేరే దారిన వచ్చింది, దాని మూలం 'లిక్', అంటే శరీరం. వాళ్లది ఒంట్లోంచి పుడితే మన గా 'అగు'లోంచి పుట్టింది. ఇంకో సంగతి విను, నీకు తెలిసే ఉంటుంది గానీ నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది: ఒకప్పుడు హార్డ్‌లీకి గట్టిగా, కష్టపడి అనే అర్థాలు కూడా ఉండేవట! అంటే నేను తప్పు రాయలేదు, కొన్ని వందల ఏళ్లు లేటుగా రాశాను. లేట్‌లీ కాదు, లేటుగా. ఈ వాదన పుణేకి రాద్దామనుకున్నాను కూడా. మా ఆవిడ కాగితం చింపేసింది.

హార్డ్‌లీ కన్నా నన్ను ఎక్కువ తినేస్తున్నది ఆ ఓన్లీ. స్పెల్లింగ్ తప్పు కాదు, అర్థం తప్పు కాదు, నిలబెట్టిన చోటు తప్పు. మనకి ఆ బాధ లేదు చూడు. నేనే సంతకం పెట్టాను, నేను సంతకమే పెట్టాను. ఏత్వం ఎవరి వెనక అంటుకుంటే వాళ్లదే భారం. మాత్రమే కూడా అంతే, మాట వెనకే నడుస్తుంది. ఓన్లీ అలా కాదు, ముందు నిలబడి ఎదురుగా ఉన్నవాణ్ణి పట్టుకుంటుంది. ఐ కి ముందు పెట్టాను, బాబాయిని పట్టుకుంది. ఒక్క అడుగు వెనక్కి జరిపి ఐ తర్వాత పెట్టి ఉంటే సంతకాన్ని పట్టుకునేది. ఒక్క అడుగురా!

నిన్న బాబాయికి చెప్పేశాను. గోడౌన్ తాళానికి నూనె వేస్తున్నాడు. మొదట అర్థం కాలేదు ఆయనకి.

"అంటే లెక్కపెట్టలేదని నేనే చెప్పినట్టు రాశావా?"

"అవును బాబాయ్."

"మరి సంతకం ముందు చదివి వినిపించావుగా?"

"తెలుగులో వినిపించాను."

చాలాసేపు తాళం తిప్పుతూ ఉన్నాడు. "నువ్వు వినిపించింది ఒకటి, నేను సంతకం పెట్టింది ఒకటి. ఆ రాత్రి కూడా అంతే జరిగింది నాకు" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మామూలుగా శనివారం నాకోసం క్యారియర్‌లో ఒక గిన్నె ఎక్కువ వస్తుంది. ఇవాళ రాలేదు.

తప్పు నాదేనని పుణేకి రాశాను. బాబాయి చేత తెలుగులోనే రాయించి అది కూడా జత చేశాను. ఆ ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు. ఈ సోమవారం కాదు, పై సోమవారం వీడియోలో విచారణ పెట్టారు, తెలుగు తెలిసిన ఒకామెను కూడా కూర్చోబెడతారట. కొత్త స్టేట్‌మెంట్ మళ్లీ నేనే ఇంగ్లీషులో పెట్టాలి. వేరే ఎవరూ ముందుకు రాలేదు, ఇప్పుడు అందరికీ ఇంగ్లీషంటే భయం పట్టుకుంది. ఇదీ రాసింది:

"ద లారీ కేమ్ లేట్ దట్ నైట్. ఐ ఓన్లీ సైన్డ్ ద చలాన్. ఐ డిడ్ నాట్ కౌంట్ ద బండిల్స్ దెన్. ద నెక్స్ట్ మార్నింగ్ ఐ కౌంటెడ్ దెమ్ కేర్‌ఫుల్లీ, వన్ బై వన్. ఐ ఇమ్మీడియట్‌లీ ఇన్‌ఫార్మ్‌డ్ ద ఆఫీస్."

చిన్నది చూసి బాగుందంది. కానీ అది ఏడో తరగతి. నువ్వు చూడాలి. ఎర్ర పెన్నుతో గీసి వెనక్కి పంపకు, బుధవారానికల్లా ఇది నీకు అందుతుంది, అందగానే ఫోన్ చెయ్. బావిగట్టు విషయం మాత్రం ఫోన్లో ఎత్తకు, మా ఆవిడ పక్కనే ఉంటుంది.

ఇంకొక్కటి. చివర్లో హానెస్ట్‌లీ అని చేరుద్దామనుకుంటున్నాను. వాక్యం మొదట్లో పెట్టి కామా కొడితే, నిజం చెబుతున్నాను అని నేను ఒట్టు వేసినట్టు అవుతుందట. చివర పెడితే ఆయన నిజాయితీగా లెక్కపెట్టాడని అవుతుందట. నాకు ఆయన నిజాయితీ కావాలి, నా ఒట్టు ఎవరికి కావాలి? కానీ చివర పెడితే కేర్‌ఫుల్లీ పక్కన ఇంకో లీ పడి, రెండూ కలిసి మళ్లీ ఎవరిని పట్టుకుంటాయో అని... కొరియర్ అబ్బాయి షట్టరు సగం దించేశాడు, అరుస్తున్నాడు. కవరు మీద నీ కొత్త అడ్రసు