మొగలో రొయ్య పిల్లల గురించి
అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం అని అందరికీ తెలిసిందే. నా బాధ మొగ గురించి, అంటే నది సముద్రంలో కలిసే చోటు గురించి. నిన్న కళింగపట్నం దగ్గర వంశధార మొగలో ఎవరో దోమతెరతో రొయ్య పిల్లల్ని బకెట్ల కొద్దీ తీశారు. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలోనే. పిల్లలు మాత్రం పెరగడానికి ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే ఈ మొగలోకే వస్తాయి. ఎదిగాక మళ్లీ సముద్రంలోకి పోతాయి. ఇక్కడే ఊడ్చేస్తే రేపు మన వలలో పడేదేముంది? పొట్ట కింద గుడ్లముద్ద ఉన్న ఆడపీత దొరికినా వదిలేయండి, దాంట్లో లక్షల గుడ్లుంటాయి. (మా ఇంట్లోవాళ్లు వినరు, అది వేరే సంగతి.) వంజరం, చందువ చేపల సంగతి జూన్ 15 నుంచి చూద్దాం. దోమతెరలు మాత్రం మంచాలకు కట్టుకోండి, దోమలకేం కొదవ లేదు.