డేవిడ్ కాక్స్ వాటర్‌కలర్ ప్రింటుపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: ఇంగ్లండ్ పల్లెబాట చిత్రం ప్రింటును మార్చి ఇవ్వడం గురించి.

మా చిత్రకళా తరగతి కోసం మీ కంపెనీ నుంచి తెప్పించిన ప్రింటు అందింది. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం. బొమ్మ విషయంలోనే మా అభ్యంతరమంతా.

ఈ చిత్రం వేసిన ఇంగ్లండ్ చిత్రకారుడు డేవిడ్ కాక్స్ (1783–1859) 1836 నుంచి స్కాట్లండ్ పొట్లాల కాగితం వాడాడు. గరుకుగా, మట్టిరంగు ఛాయతో, గడ్డి నలుసులతో ఉండే కాగితం అది. రంగును చప్పున పీల్చేస్తుంది, దిద్దుకునే వీలు తక్కువ. అందుకే కుంచె నిండా రంగు తీసుకుని చకచకా వేసేవాడు. బాట పక్క పొదల్లో కనిపించే గాలి ఊపు ఆ వేగంలోంచి వచ్చిందే. ఆకాశంలో నలుసు వస్తే దానికి రెక్కలు గీసి పక్షిని చేసేస్తానని ఆయన అనేవాడట. మీ వాళ్లు ఆ నలుసుల్ని దుమ్మనుకుని డస్ట్ ఫిల్టర్‌తో (స్కాన్‌లో దుమ్ము మచ్చల్ని చెరిపే సాఫ్ట్‌వేర్‌తో) తుడిచేశారు. బాట మలుపు దగ్గర రెండు మిగిలాయి. ఆకాశంలో తుడిచేసిన నలుసులు ఉన్నచోట నున్నటి గుండ్రని మరకలు కనిపిస్తున్నాయి, భూతద్దం పెట్టి చూడండి.

రెండోది ఇంకా పెద్ద తప్పు. వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో చెప్పి మిగతా రంగుల్ని సరిచేయడం) కోసం ఖాళీ కాగితాన్నే తెలుపుగా తీసుకున్నట్టున్నారు. దాంతో కాగితం ఛాయ పోయి రంగులన్నీ నీలం వైపు జరిగాయి. మబ్బుల అంచున వేసిన చిక్కటి తెలుపు ఆ మట్టిరంగు మీదే వెలుగుతుంది. కాగితమే తెల్లబడ్డాక మబ్బు ఎక్కడుందో తెలియడం లేదు. దాని మీద శాచురేషన్ (రంగుల గాఢత) కూడా పెంచడంతో పొదలు క్యాలెండర్ పచ్చగా తయారయ్యాయి.

ఇక ఫ్రేము. ప్రింటును నాలుగు వైపులా టేపుతో బిగించేశారు. తేమకి కాగితం సాగుతుంది, సాగే చోటు లేక ఇప్పటికే మధ్యలో ఉబ్బింది. పైగా అద్దానికి తగులుతోంది.

మాకు కావలసింది ఇది: ఫిల్టర్లు, ఆటో కలర్ ఏవీ లేకుండా అసలు ఫైలు నుంచి, మెరుపు లేని కాటన్ కాగితం మీద కొత్త ప్రింటు. పూర్తి ప్రింటుకు ముందు ఆకాశం, పొద రెండూ కలిసే చోటు నుంచి అరచేయంత ప్రూఫ్ (నమూనా ప్రింటు) పంపండి. ఫ్రేములో పై అంచున మాత్రమే రెండు జపాన్ కాగితపు పట్టీలు, గోధుమ గంజితో అంటించాలి. అద్దానికీ బొమ్మకీ మధ్య యాసిడ్ లేని మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) ఉండాలి.

పదిహేను రోజుల్లో ప్రూఫ్ రాకపోతే పూర్తి సొమ్ము వాపసు ఇవ్వండి. బిల్లు నకలు, ఫోటోలు జతచేశాం.

ఇట్లు,
చిత్రకళా తరగతి నిర్వాహకులు