ట్యూటర్ గురించి మాత్రమే

అమ్మలూ,

ఈ ఉత్తరం ట్యూటర్ సంగతి రాయడానికే కూర్చున్నాను, ఇంకే ఉద్దేశమూ లేదు. పదకొండు రోజులుగా నీ దగ్గర్నుంచి ఒక్క అక్షరం లేదన్న మాట నేను ఎత్తనే ఎత్తను. నా మెసేజీలకు నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి ఫోను నీ చేతిలోనే ఉందని తెలుస్తోంది, అది చాలు. జలుబు తగ్గిందా? ఆ పల్చటి స్వెట్టరుతో లైబ్రరీకి వెళ్ళకు. ఇన్‌హేలర్ బ్యాగు పై అరలో పెట్టుకో, అడుగున పడేసి చివర్లో వెతుక్కోకు.

లలిత పిన్ని నిన్న ఫోన్ చేసింది. సంజన ఏదో అందిట, నువ్వు కౌన్సెలర్ని కలిశావని, స్పానిష్ లిటరేచర్ ఏపీ పరీక్ష రాయనంటున్నావని. సంజన చెప్పేదాంట్లో సగం ఊహేనని మనకు తెలియంది కాదు. అందుకే నిన్ను అడగడం లేదు. అమ్మమ్మ మాత్రం ఆ ఫోను విని, "మన ఏపీలో స్పానిష్ ఎప్పుడు పెట్టారే?" అని రెండుసార్లు అడిగింది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష అని విడమరిచి చెప్పినా ఒప్పుకోలేదు.

సరే, ట్యూటర్. నా దగ్గర చదువుకోనని తొమ్మిదో క్లాసులోనే తేల్చేశావు, దాని మీద వాదన లేదు. కానీ వెతకడం ఎలాగో చెప్పనివ్వు. అందరూ మొట్టమొదట చేసే తప్పు ఒకటే. ఏపీలో స్పానిష్ పేరుతో రెండు పరీక్షలున్నాయి, ఒకటి లాంగ్వేజ్, ఒకటి లిటరేచర్. బయట దొరికే ట్యూటర్లలో ఎక్కువమంది మొదటిదానికి అలవాటు పడ్డవాళ్ళు. "రెండూ చెప్తాను" అంటారు, అబద్ధం అనుకోకుండానే అంటారు. కాబట్టి ఫోనులో మొదటి ప్రశ్న ఇదే వెయ్యి: "రాత భాగంలో ఏమేం ప్రశ్నలొస్తాయండీ?" ఈమెయిల్ రాయడం, సంభాషణ రికార్డు చేయడం అని మొదలెడితే మర్యాదగా థాంక్స్ చెప్పి పెట్టేయ్. లిటరేచర్‌లో మాట్లాడే భాగమే లేదు. ఉన్నవి నాలుగు రాతలు: ఒక ముక్క ఇచ్చి రచయితనూ కాలాన్నీ చెప్పి ఇతివృత్తం వివరించమనేది, ఒక రచననూ ఒక చిత్రాన్నీ పోల్చమనేది, ఒకే రచన మీద వ్యాసం, రెండు రచనలు పోలుస్తూ వ్యాసం. చిన్నవాటికి 15 నిమిషాల చొప్పున, వ్యాసాలకు 35 చొప్పున, మొత్తం 100 నిమిషాలు. దీనికి ముందు 80 నిమిషాల్లో 65 బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాటిలో 15 విని రాసేవి. సగం మార్కులు ఇటు, సగం అటు. ఇంత మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పలేని మనిషికి డబ్బు కట్టకు.

రెండో పరీక్ష నువ్వు పెట్టాల్సింది, నాకు తెలిసి ఇంతకన్నా మంచి జల్లెడ లేదు. ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు వాళ్ళు పాత రాతప్రశ్నలతో పాటు పిల్లలు రాసిన నమూనా జవాబుల్ని, వాటికి పడ్డ మార్కుల్ని, ఎందుకు పడ్డాయో వివరణనీ సైటులోనే పెడతారు, ఉచితంగా. పోలిక వ్యాసం జవాబు ఒకటి తీసుకుని మార్కు కనిపించకుండా కత్తిరించి ట్యూటర్‌కి ఇవ్వు. రూబ్రిక్, అంటే దేనికి ఎంత వెయ్యాలో చెప్పే మార్కుల పట్టిక, చేతిలో పెట్టుకుని పది నిమిషాల్లో మార్కు వెయ్యమను. వ్యాసానికి విషయానికి 5, భాషకు 5 విడివిడిగా ఉంటాయి, చిన్న ప్రశ్నలకు 3, 3. అన్నిటికన్నా మంచి జవాబునో, అధ్వాన్నమైనదాన్నో ఇవ్వకు, వాటిని ఎవరైనా గుర్తుపడతారు. నడిమి రకం ఇవ్వు. 3 ఎందుకు 4 కాలేదో చెప్పగలిగిన మనిషే నీకు పనికొస్తాడు. అసలు మార్కుకు ఒకటి అటూ ఇటూ వస్తే ఫరవాలేదు. రెండు తేడా వచ్చినా కారణం గట్టిగా చెప్తే వినొచ్చు. మొత్తం చదివి "చాలా బాగా రాసింది పిల్ల" అంటే మాత్రం అక్కడితో ఆపెయ్.

ఎందుకంటున్నానో శీనుమామయ్య వాళ్ళ కార్తీక్ సంగతి తెలిస్తే నీకే అర్థమవుతుంది. నీకు పైపైనే తెలుసు, పూర్తిగా ఎవరూ చెప్పలేదు. వాడికి దొరికిన ట్యూటర్ స్పానిష్ మాట్లాడే దేశంలో పుట్టి పెరిగినవాడు, ఎంతో మంచి మనిషి. మామయ్య సంబరపడిపోయి 20 గంటలకు ముందే కట్టేశాడు. నాలుగు క్లాసులు ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ నాటకమే చదివారు, ఆయన ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి మరీ వినేదట. మిగతా గంటల్లో కబుర్లు, ఫుట్‌బాలు, పత్రికల్లో వార్తలు. కార్తీక్ మాట్లాడుతుంటే నిజంగా ముచ్చటేసేది, నోరు అంత తిరిగింది. మార్చిలో బళ్ళో నమూనా పరీక్ష పెట్టారు. మొదటి ప్రశ్నకు కెవేదో అనే కవి సొనెట్టు, పద్నాలుగు పాదాల పద్యం, వచ్చింది, ఆ కూలిపోతున్న గోడలది. వీడు వృద్ధాప్యం మీద ముప్పావు పేజీ అందంగా రాశాడు. రాసి, రచయిత గొంగోరా అన్నాడు, కాలం రినైజాన్సు అన్నాడు. దాని తర్వాత వచ్చిన బరోక్ కాలం అని తట్టలేదు. రచయితా కాలమూ రెండూ సరిగ్గా చెప్పకపోతే విషయానికి 3కి 3 రావు, వీడికి రెండూ తప్పు. పోలిక వ్యాసంలో మొదటి పద్యం కథ ఒక పేరా, రెండో పద్యం కథ ఒక పేరా, చివర "రెండూ ప్రేమ గురించే" అని ఒక వాక్యం. రూపకం ఉందన్నాడు, పునరుక్తి ఉందన్నాడు, అవి ఇతివృత్తానికి ఏం చేశాయో ఒక్క మాట లేదు. భాషకు మంచి మార్కులు, విషయానికి అడుగంటా. ఆ కాగితాలు ట్యూటర్‌కి చూపిస్తే ఆయన "ముయ్ బియెన్", చాలా బాగుంది, అన్నాడట, మనస్ఫూర్తిగానే. ఆయనకు వాడి స్పానిష్ కనిపించింది, పరీక్ష కనిపించలేదు. మామయ్య కోపం నీకు తెలుసుగా. మిగిలిన ఆరు గంటల డబ్బు తిరిగి రాలేదు. ఏప్రిల్లో ఒక రిటైరైన టీచరమ్మను పట్టుకున్నారు, కేవలం నాలుగు క్లాసులు. ఆవిడ కొత్తగా ఏ పాఠమూ చెప్పలేదట. మొదటి రోజు ఒక పెద్ద కాగితం మీద పరీక్ష జాబితాలో ఉన్న 38 రచనలకూ 38 అడ్డగీతలు గీయించి, రచన, రచయిత, కాలం, ప్రక్రియ, ఇతివృత్తం వాడిచేతే చూడకుండా నింపించింది. పద్నాలుగు ఖాళీగా మిగిలాయి. ఆ తర్వాత ప్రతి క్లాసూ పది ముక్కలు కలగాపులగం చేసి ఇవ్వడం, ఒక్కోదానికి తొంభై సెకన్లు, ఎవరు, ఎప్పుడు, ఏ వాక్యాన్ని బట్టి తెలిసింది? అంతే. వాడికి 5కి 4 వచ్చింది. నాకెప్పుడూ అనిపిస్తుంది, ఆవిడ జనవరిలోనే దొరికుంటే ఎలా ఉండేదోనని.

నువ్వు ఇప్పుడు జనవరిలోనే ఉన్నావు. పరీక్ష మే నెలలో. అనుకో, ఊరికే అంటున్నా.

ఎక్కడ వెతకాలంటే, ముందు మీ మేడమ్‌నే అడుగు, పక్క జిల్లాల్లో ఈ కోర్సు చెప్పే టీచర్లు ఆవిడకు తెలిసే ఉంటారు. జూన్‌లో ఏపీ రాతలు దిద్దడానికి వెళ్ళే టీచర్లుంటారు, రీడర్లు అంటారు వాళ్ళని. అలాంటివాళ్ళు ఒక్కరు దొరికినా అదృష్టమే. ప్రశ్నల గుట్టు చెప్పరు, చెప్పకూడదు కూడా, కానీ రూబ్రిక్ వాళ్ళ వేళ్ళలో ఉంటుంది. యూనివర్సిటీ స్పానిష్ విభాగంలో పీహెచ్‌డీ చేసేవాళ్ళని కూడా అడగొచ్చు. వాళ్ళకు సాహిత్యం లోతుగా వచ్చు, గంటలో నలభై నిమిషాలు సిద్ధాంతం చెప్పేసే ప్రమాదమూ ఉంది. మొదటి క్లాసులో ఫోనులో టైమర్ పెట్టుకుని చూడు, ఎవరు ఎంతసేపు మాట్లాడారో. నువ్వు సగమైనా మాట్లాడకపోతే అది ఉపన్యాసం, ట్యూషన్ కాదు. (ఈ ఉత్తరమూ అలాగే ఉందంటావు. అను.)

ఇంకో చిన్న ప్రశ్న కూడా అడుగు: "గార్సిలాసో 23వ సొనెట్టూ, గొంగోరా సొనెట్టూ ఒకటే చెప్తున్నాయి కదా, తేడా ఏంటి?" రెండూ యవ్వనం ఉండగానే అనుభవించమనేవే. గార్సిలాసో దగ్గర కాలం అన్నిటినీ మార్చేస్తుంది, అంతవరకే. గొంగోరా చివరి పాదంలో మెట్టుమెట్టుగా మట్టి, పొగ, దుమ్ము, నీడ, చివరికి ఏమీ లేకపోవడం. రినైజాన్సుకూ బరోక్‌కూ ఉన్న దూరమంతా ఆ ఒక్క పాదంలో ఉంది. ఇది రెండు నిమిషాల్లో, సిద్ధాంతం జోలికి పోకుండా చెప్పగలిగితే ఆ మనిషిని వదలకు.

క్లాసులో దేనికి సమయం పెట్టాలో కూడా నువ్వే నిర్ణయించు, ట్యూటర్‌కి వదిలేయకు. వదిలేస్తే జాబితాను మొదట్నుంచి చివరిదాకా చదువుకుంటూ పోతారు, 38 అవ్వకముందే మే వచ్చేస్తుంది. రుల్ఫో, కోర్తాసర్, గార్సియా మార్కెస్, రోసా మొంతేరో కథలు నువ్వే చదువుకోగలవు. ట్యూటర్ సమయం పాతవాటికి కావాలి: లాజరిల్యో నవలలో ముందుమాట, 1, 2, 3, 7 అధ్యాయాలు, దోన్ కిహోతె (మనం డాన్ క్విక్సోట్ అనేది) మొదటి భాగంలో 1 నుంచి 5, 8, 9, రెండో భాగంలో 74, తిర్సో నాటకం, సోర్ హువానా పద్యం, మెక్సికోను జయించిన కోర్తెస్ ఉత్తరం, దాని పక్కనే అక్కడ ఓడినవాళ్ళ వైపు కథ ‘ఓడిపోయినవారి దృష్టి’. ఆ చివరి రెండూ కలిపి చదవాలి, విడివిడిగా చదివితే సగమే అర్థమవుతాయి. వారానికి ఒకసారి 75 నిమిషాలు చాలు. క్లాసుకు రెండు రోజుల ముందు ఒక వ్యాసం గడియారం పెట్టుకుని 35 నిమిషాల్లో రాసి పంపు, మార్కు వేసుకుని రమ్మను. క్లాసులో మొదటి ఇరవై నిమిషాలు ఆ వ్యాసంలో ఒక్క పేరా తిరగరాయడం. తరువాత అరగంట ఒక పాత రచన. మిగిలింది చిత్రానికీ వినికిడికీ. వినికిడిని ట్యూటర్లు దాదాపు ముట్టుకోరు, అది పది శాతం మార్కులు. చిత్రం ప్రశ్నలో పిల్లలు రంగులు వర్ణిస్తూ కూర్చుంటారు. ఫ్రీదా కాలో 1939లో గీసిన ఇద్దరు ఫ్రీదాల బొమ్మ పక్కన ‘బోర్హెస్, నేను’ పెట్టి రాసి చూడు, ఒకే మనిషి రెండుగా చీలడం అన్నది రెండిట్లోనూ ఎలా వచ్చిందో ప్రతి వాక్యంలో రెండూ ఉండేలా. అక్షరాల మీద పెట్టే యాక్సెంట్ గుర్తులు వదిలేయకు, భాష మార్కులో అవీ లెక్కే. నువ్వు చిన్నప్పట్నుంచీ ఒత్తులు మింగేసే పిల్లవి.

డబ్బు గురించి బెంగ వద్దు, నాన్నగారితో మాట్లాడాను. ఆ కార్తీక్ పొరపాటు మాత్రం చెయ్యకు, మొదటి మూడు క్లాసులకు విడివిడిగా కట్టు. వీడియో క్లాసులైతే రికార్డు చేసుకోనిమ్మని ముందే అడుగు, ఎదురుగా కూర్చునేదైతే లైబ్రరీలోనే. వ్యాసం తనే రాసిచ్చే ట్యూటర్ దొరికితే వెంటనే నాకు చెప్పు.

లాజరిల్యో అన్నాను కదా, మొత్తం అది ఒక ఉత్తరమేనని గుర్తుందా? ఎవరో దొరవారు ఆ ‘కాసో’, అంటే ఆ వ్యవహారం, ఏమిటని అడిగితే, దానికి జవాబు చెప్పడానికి లాజరో తను పుట్టినప్పట్నుంచీ మొదలుపెడతాడు. గుడ్డివాడు, పూజారి, పస్తులుండే దొరబాబు అందరూ అయ్యాక, చివరి అధ్యాయంలో గానీ ఊళ్ళో వాళ్ళు గుసగుసలాడుకునే అసలు సంగతి బయటపడదు. నేనలా చుట్టూ తిప్పను. కౌన్సెలర్‌తో ఏం మాట్లాడావు?

రద్దు చేస్తే 40 డాలర్లు పోతాయి, అది కాదు నా బాధ. నీకు నిజంగా వద్దనిపిస్తే వద్దు. నమూనా పరీక్షలో మార్కు చూసి వద్దనుకుంటే మాత్రం ఆ కాగితం ఫొటో తీసి పంపు, విషయానికెంత, భాషకెంత విడిగా. రెండూ కలిపి ఒక అంకె చెప్పకు. భాష బాగుండి విషయం పోయుంటే అది నాలుగు వారాల పని. రెండూ పోయుంటే ఎక్కువ పని, అప్పుడు కూర్చుని ఆలోచిద్దాం. నేను పాఠం చెప్పను, మాటిస్తున్నా. మార్కు వేసి పంపిస్తాను, అంతే.

ఆదివారం పొద్దున పది తర్వాత చెయ్యి, అమ్మమ్మ పూజలోంచి లేచి ఉంటుంది. కళ్ళజోడు స్క్రూ వదులైందన్నావు పోయిన నెల, బిగించుకున్నావా? చిన్న స్క్రూడ్రైవరు నీ నీలం డబ్బాలో పెట్టే పంపాను, పెన్సిళ్ళ కింద చూడు.

అమ్మ