స్పీడు సగానికి తగ్గిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

బోటు షికారు మాట వస్తే మనం లైఫ్ జాకెట్ల గురించే మాట్లాడతాం. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన ఘోరం తర్వాత అది మాట్లాడాల్సిందే, కాదనను. కానీ బోటు వెనక లేచే అలల సంగతి ఎవరికీ పట్టదు, ఎందుకంటే అవి బోటులో కూర్చున్నవాళ్లకి తగలవు, ఒడ్డునున్నవాళ్లకి తగుల్తాయి.

మాది విజయవాడ, ప్రకాశం బ్యారేజీకి ఎగువన. మా బాబాయి ఇప్పటికీ నాటు పడవ మీద చేపల వేటకి వెళ్తాడు. మొన్న ఆదివారం నేనూ ఆయనతో ఉన్నాను. ఆయన వల లాగుతుంటే ఓ మోటారు బోటు అల్లంత దూరంగా వెళ్లిపోయింది, మేం దాని సంగతే మర్చిపోయాం, అర నిమిషానికి వచ్చాయి అలలు, ఒకటి కాదు ఏడెనిమిది వరసగా, పడవ పక్కకి ఒరిగి లాగిన వల సగం మళ్లీ నీళ్లలోకి జారిపోయింది, అన్నం క్యారేజీలోకి కృష్ణ నీళ్లు చేరాయి. బాబాయి తిట్టిన తిట్లు మీరు అచ్చు వెయ్యలేరు లెండి.

సాయంత్రం రేవులో ఆ బోటు నడిపిన కుర్రాడే కనిపిస్తే అడిగాను. "మిమ్మల్ని చూసి స్పీడు తగ్గించాను కదన్నా" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే తగ్గించాడు. చిక్కంతా అక్కడే ఉంది.

స్పీడు బోటు బాగా మెల్లగా పోతే అల చిన్నది. ఫుల్ స్పీడులో పోతే నీటి మీద జారుతున్నట్టు పోతుంది, అప్పుడూ అల మరీ పెద్దది కాదు. ఈ రెండింటికీ మధ్య, ముక్కు పైకి లేచి, వెనక భాగం నీళ్లలోకి కూరుకుపోయి, తను లేపిన అలని తనే ఎక్కలేక మూలుగుతూ పోయే స్పీడు ఒకటుంటుంది. అప్పుడు ఇంజను బలం చాలావరకు అలలు లేపడానికే ఖర్చవుతుంది. ఫుల్ నుంచి సగానికి తగ్గిస్తే చాలాసార్లు వచ్చేది అక్కడికే. పైగా అల ఎత్తు రెట్టింపైతే దాని శక్తి నాలుగింతలు.

ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి ఇంకా కష్టం. మీటరు లోతు నీళ్లలో అల గంటకి 11 కిలోమీటర్లకి మించి పరిగెత్తలేదు, రెండు మీటర్లయితే 16. బోటూ అదే వేగంతో పోతే అలలు తప్పుకోలేక దాని ముందే పేరుకుంటాయి. 11 అంటే సైకిలు స్పీడు, అంటే "మెల్లగానే పోతున్నాం" అనుకునే స్పీడే.

మా వైపు ఒండ్రుమట్టి గట్టు కింద గుల్లయిపోయి పైన గడ్డి వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. వరద కోత ముందు ఇదెంత అంటారు కొందరు. వరద ఏడాదికి కొన్ని రోజులే, బోట్లు ప్రతి శనాదివారాలూ.

అమెరికాలో రేవుల దగ్గర 'అల లేపొద్దు' అని బోర్డులే పెడతారు. మనమూ రేవుల దగ్గర, వలలు వేసే చోట్ల బోయాల (నీటి మీద తేలే గుర్తుల) గీత కట్టి, ఆ గీతకి చాలా ముందే ముక్కు పూర్తిగా దిగేదాకా స్పీడు తగ్గించాలని రూలు పెట్టాలి. పర్మిషన్ ఇచ్చేటప్పుడే డ్రైవర్లకి ఒక పూట ఇది నీళ్ల మీద చూపించాలి. ఆ కుర్రాడికి చెబితే "వెనక్కి తిరిగి అల చూడమని మాకెవరూ చెప్పలేదన్నా" అన్నాడు. బోయాలకి పెద్ద ఖర్చేం కాదు, ఖాళీ డ్రమ్ములు, తాడు, బరువుకి రాళ్లు. డ్రమ్ములు కావాలంటే మా రేవులో నాలుగున్నాయి, వచ్చి పట్టుకెళ్లండి.

ఇట్లు,
కృష్ణ ఒడ్డు పాఠకుడు, విజయవాడ